కణపు పొరయందలి వాకిళ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమును గూర్చి మాటలాడుటకు నాకంటె అర్హులు ఈ సభలో పెక్కురు కలరు. ఇటుకలు మోసినవారును, ఇంటింటికి తిరిగి పుస్తకములు సేకరించినవారును నా యెదుటనే కూర్చుండియున్నారు. నేను ఉన్నతపాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించి విశ్రాంతి పొందినవాడను. ఇచ్చట కేవలము పాఠకుడను. కార్యదర్శిగారు నన్ను పిలిచి, “మాస్టారూ! సైన్సులో ఏదైన క్రొత్త విషయము చెప్పవలెను. కాని అది అందరికిని తెలియునట్లుండవలెను” అనిరి. ఈ రెండు షరతులును ఒక్కచోట కుదురుట కష్టము. అయినను ప్రయత్నించెదను.

నేడు నేను చెప్పబోవు విషయము మన గ్రంథాలయముకంటె వయస్సున చిన్నది. ఇచ్చటి తలుపులు మొదట తెరచిన దినమున ఇది ప్రపంచమందలి ఏ పుస్తకమునందును లేదు. దీనిలోని ముఖ్యమైన సంగతులన్నియు 2008వ సంవత్సరము తరువాత బయల్పడినవే.

వరి కోయుచుండగా కొడవలి వ్రేలికి తగులును. రక్తము కారును, కొంతసేపటికి మందు లేకయే గడ్డకట్టి ఆగిపోవును. ఇంటికి వచ్చినంతనే ఇల్లాలు చింతకాయపచ్చడి వడ్డించును. ముద్ద నోట పెట్టుకొనకముందే నోరూరును. రక్తము ఆగుటకును నోరూరుటకును సంబంధమేమి యని మీరడుగవచ్చును. ఈ రెండు పనులయందును ఒకే కుటుంబమునకు చెందిన మాంసకృత్తులు పాల్గొనుచున్నవి. ఆ రెంటిని మేల్కొలుపునది కాల్షియమే. తాంబూలమున మనము రాచుకొను సున్నమునందున్న ధాతువే యది.

ముందుగా కణపు పొరను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మన శరీరము కణముల కట్టడము. ప్రతి కణమునకును చుట్టు ఒక పొర యున్నది. దాని మందము సుమారు అయిదు నానోమీటరులు. అనగా మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసి, వానిలో అయిదు భాగములు తీసికొన్నంత. ఈ పొర ముఖ్యముగ క్రొవ్వుజాతి అణువులతో ఏర్పడినది. ఒక్కొక్క అణువునకు నీటిని కోరు తలయు, నీటిని ఒల్లని రెండు తోకలును గలవు. ఇవి రెండు వరుసలుగా నిలిచి, తలలను నీటివైపునకు త్రిప్పి, తోకలను లోపల దాచుకొనును. హాలెండు దేశమున గోర్టర్, గ్రెండెల్ అను ఇరువురు 1925లో ఎఱ్ఱ రక్తకణములనుండి క్రొవ్వును తీసి నీటిపై పరచి కొలచిరి. అది కణముల ఉపరితలమునకు రెండురెట్లు వచ్చినది. కావున పొర రెండు వరుసలని తేల్చిరి. వారి కొలతలలో రెండు పొరపాట్లు దొరలినవనియు, ఒకదానినొకటి సరిచేసికొనుటచే ఫలితము నిజమైనదనియు తరువాతివారు 1966లో కనుగొనిరి. లెక్కల పరీక్షలో ఇట్టి అదృష్టము మన పిల్లలకు కలుగుట అరుదు!

ఈ పొర నూనెవంటిది గనుక, నీటిలో కరగిన ఉప్పు దానిని దాటజాలదు. ఉప్పు నీటిలో కరగినప్పుడు విద్యుదావేశము గల కణికలుగా విడిపోవును, వానిని అయానులందురు. సోడియము ధనావేశము గలది. క్లోరైడు ఋణావేశము గలది. ఇవి పొరను దాటవలెనన్న, పొరలో ఇమిడియున్న మాంసకృత్తులే దారి ఈయవలెను. వానినే నేను వాకిళ్లు అనుచున్నాను.

మరియొక సంగతి. పొరయందలి రెండు వరుసలును ఒక్కతీరున నుండవు. ఇంటిగోడకు వీథివైపున ఒక రంగును, లోపలివైపున వేరొక రంగును వేసినట్లు, బయటి వరుసలో కొన్ని జాతుల క్రొవ్వులును, లోపలి వరుసలో మరికొన్ని జాతులును ఉండును. దీనిని 1972లో బ్రెట్షర్ అను శాస్త్రజ్ఞుడు స్పష్టముగ సూచించెను. ఫాస్ఫాటిడిల్ సెరీన్ అను క్రొవ్వు ఆరోగ్యముగా నున్న కణమునందు దాదాపు పూర్తిగా లోపలివైపుననే యుండును. పేరు కష్టముగా నున్నది గనుక దీనిని ‘లోపలి క్రొవ్వు’ అని పిలుచుకొందము. తల బరువైన నీటిప్రియము, తోకలు నూనెప్రియములు అగుటచే ఇది తనంతట తాను ఆవలి వరుసకు దూకుట మిక్కిలి అరుదు.

ఇక కాల్షియము కథ. లండనులో సిడ్నీ రింగర్ అను వైద్యుడు కప్పగుండెను శరీరమునుండి వేరుచేసి, ఉప్పునీటిలో నుంచి, అది ఎంతసేపు కొట్టుకొనునో పరీక్షించుచుండెను. 1882లో ప్రకటించిన పరీక్షలలో గుండె చక్కగ కొట్టుకొనెను. తరువాత విచారింపగా, ఆ ఉప్పునీరు తాననుకొన్నట్లు బట్టీపట్టిన నీటితో గాక కొళాయినీటితో చేయబడినదని తెలిసెను. బట్టీనీటితో మరల చేయగా గుండె త్వరలోనే ఆగిపోయెను. కొళాయినీటిలోని సున్నపు లవణమే గుండెను నడిపించినదని ఆయన 1883లో వెల్లడించెను. ఆసుపత్రిలో నేడు మనకెక్కించు సెలైను సీసాలలో ఒకదానిపై ‘రింగర్’ అను పేరుండును. అది ఆయన పేరే.

కాల్షియమునకు అంత శక్తి ఎట్లు కలిగినది? కణము దానిని లోపల నిలువనీయదు. రాత్రింబవళ్లు శక్తి వెచ్చించి బయటకు తోడివేయుచుండును. అందుచే కణము బయటనున్న కాల్షియము లోపలిదానికంటె సుమారు పదివేలరెట్లు ఎక్కువ. నిశ్శబ్దముగానున్న ఊరిలో ఒక్క డప్పు మ్రోగినను అందరును లేచి వాకిట నిలుతురు. కణములో కాల్షియము అట్టి దండోరా. ఏదో కారణమున కొంచెము లోపల ప్రవేశించినంతనే, దానికొఱకు కాచుకొనియున్న మాంసకృత్తులు మేల్కొనును.

ఇట్లు మేల్కొను క్లోరైడు వాకిలి యొకటి యున్నదని 1980 తరువాతి తొలి సంవత్సరములలోనే కప్పగ్రుడ్లయందు గమనించిరి. కప్పగ్రుడ్డులో ఒక వీర్యకణము ప్రవేశింపగానే కాల్షియము పెరుగును. క్లోరైడు వెలుపలికి పోవును. పొరయొక్క విద్యుత్స్థితి మారును. రెండవ వీర్యకణమునకు ప్రవేశము లేకుండ పోవును. పని తెలిసినది, కాని ఆ పని చేయు మాంసకృత్తు ఏదో పాతికేండ్లు తెలియలేదు. తుదకు 2008లో మూడు బృందములు మూడు దారుల వెదకి ఒక్కచోటికే చేరినవి. కొరియా రాజధాని సియోలులో ఒక బృందము, ఇటలీలోని జెనోవాలో ఒకటి, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకటి. శాన్‌ఫ్రాన్సిస్కోవారి ఉపాయము వినదగినది. కప్పగ్రుడ్డులో ఈ వాకిలి ముందే యున్నది గనుక, క్రొత్తగా ప్రవేశపెట్టినదానిని అందు గుర్తించుట కష్టము. ఆక్సొలాటిల్ అను నీటి ఉభయచరముయొక్క గ్రుడ్డు పెక్కు వీర్యకణములను రానిచ్చును. దానికి ఈ వాకిలి లేదు. కావున వారు కప్పగ్రుడ్డులోని సందేశములను ఆ గ్రుడ్డులోనికి ఎక్కించి, ఏ సందేశముచే వాకిలి క్రొత్తగా ఏర్పడునో చూచిరి. ఏమియు వ్రాయని పలకపైననే క్రొత్త అక్షరము స్పష్టముగ కనబడును గదా!

అట్లు దొరకిన మాంసకృత్తునకు టీమెమ్-16 ఏ అని పేరు. మన లాలాజల గ్రంథులయందు ఇది యున్నది. పుల్లని రుచి తగిలినప్పుడు నరములు గ్రంథికి కబురంపును. కణములో కాల్షియము పెరుగును. ఈ వాకిలి తెరచుకొనును. క్లోరైడు బయటకు పోవును. దాని వెంట విరుద్ధావేశము గల సోడియము పోవును. ఉప్పు చేరినచోటికి నీరు చేరును. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచినచో మూడవనాటికి ఊట ఊరుట మన స్త్రీలందరు ఎఱిగినదే. నోరూరుటయు ఇంచుమించు అట్టిదే. ప్రేగుల కదలికకు తాళము వేయు కణములందును, శ్వాసనాళమందును ఈ వాకిలి పనిచేయుచున్నది.

ఇంతవరకు అయానుల సంగతి. ఇక క్రొవ్వుల సంగతికి వచ్చెదను. ఇది నాకు సొంత సంగతివంటిది. ఏలనో తరువాత విన్నవించెదను.

అమెరికాదేశమున ఒక స్త్రీకి గాయమైనప్పుడు రక్తము ఆగెడిది కాదు. వైద్యులు పరీక్షించిరి. రక్తము ఆపుటకు మొదట పరుగెత్తునవి ప్లేట్లెట్లు అను చిన్న కణికలు. ఆమెకు అవి లెక్కకు సరిగనే యున్నవి. ఒకదానినొకటి అంటుకొనుటయు సరిగనే యున్నది. రక్తమును గడ్డకట్టించు పదార్థములలోను లోపము లేదు. అయినను ఆ పదార్థములు ఆమె ప్లేట్లెట్లపై కూడి పనిచేయలేకుండెను. ఈ సంగతి 1979లో ప్రకటింపబడెను. ఆ వ్యాధిని నేడు స్కాట్ వ్యాధి యందురు. అది మిక్కిలి అరుదు. ఇట్టివారికి పన్ను తీసినప్పుడును, ప్రసవమైనప్పుడును రక్తస్రావము ఎక్కువగును.

లోపమెక్కడ? గాయమైనచోట ప్లేట్లెటులో కాల్షియము పెరుగును. అప్పుడు లోపలి క్రొవ్వు హఠాత్తుగ బయటి వరుసకు వచ్చును. ఇంటిలో దాచిన ఎఱ్ఱగుడ్డను వాకిట కట్టినట్లు అది గాయపు గుర్తు. రక్తములో తేలుచున్న గడ్డకట్టించు పదార్థములు ఆ గుర్తును చూచి, కాల్షియముతోనే ముడివడి, అచ్చట చేరి పనికి దిగును. ఆ ఉపరితలముపై కూడినందున వాని పని లక్షలరెట్లు వేగమందుకొనును. గుర్తు లేనిచోట రక్తము ద్రవముగ ప్రవహించుచునేయుండును. గాయమున్నచోట గట్టిపడుట, లేనిచోట పారుట, రెండును మన ప్రాణమునకు అవసరమే. ఆ స్త్రీ ప్లేట్లెట్లు ఎఱ్ఱగుడ్డను బయట కట్టలేకపోయినవి.

ఆ గుడ్డను బయటకు తెచ్చు మాంసకృత్తు ఏది? ముప్పదియొక్క సంవత్సరముల తరువాత, 2010లో, జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున నగాటా, సుజుకి మొదలగువారు కనుగొనిరి. ఎలుక కణములను పెంచి, లోపలి క్రొవ్వును ఎక్కువగ బయటపెట్టువానిని మాత్రము ఏరి, మరల పెంచి, మరల ఏరి, ఇట్లు పదేపదే జల్లెడ పట్టిరి. విత్తనములకై మంచి వెన్నులను ఏరు రైతు పద్ధతియే యిది. తుదకు దొరకినది టీమెమ్-16 ఎఫ్. నోరూరించు మాంసకృత్తునకు తోబుట్టువు! స్కాట్ వ్యాధిగ్రస్తుని జన్యువును పరీక్షింపగా సరిగ ఇందే లోపము కనబడినది. ఒక రోగిని శ్రద్ధగా పరీక్షించి, తమకు అర్థము కానిదానిని అర్థము కాలేదని నిజాయితీగా వ్రాసియుంచిన వైద్యుల వ్రాత ఇన్నేండ్లకు ఫలించినది.

కాని శాస్త్రజ్ఞులకు ఆశ్చర్యము కలిగినది. ఒక తోబుట్టువు అయానులకు దారి యిచ్చుచున్నది. మరియొకటి క్రొవ్వులను త్రిప్పుచున్నది. ఒకే అచ్చున పోసిన రెండు పనిముట్లు ఇంత వేరైన పనులెట్లు చేయును? మనుష్యులయందు ఈ కుటుంబమున పది సభ్యులు కలరు. మొదట అన్నియు అయాను వాకిళ్లే యని తలచి, వీనికి అనాక్టమిన్ అను మరియొక పేరు పెట్టిరి. అందు ‘అన్’ అనగా ఋణావేశపు అయాను. ‘ఆక్ట్’ అనగా ఎనిమిది. మాంసకృత్తు పొరను ఎనిమిదిసార్లు కుట్టినట్లు దాటుచున్నదని వారి అంచనా. తరువాత ఆ పేరులోని రెండు భాగములును సరికావని తేలినది. పేరు మాత్రము నిలిచినది.

ఆ సంగతి తేల్చినది ఒక బూజు. 2013లో అమెరికాలో అకార్డి బృందము ఒక బూజులోని ఇట్టి మాంసకృత్తును పరీక్షించి, అది అయానులను, క్రొవ్వులను రెంటిని దాటించుచున్నదని చూపెను. 2014లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ విశ్వవిద్యాలయమున డుట్స్‌లర్ బృందము మరియొక శిలీంధ్రపు మాంసకృత్తుయొక్క నిర్మాణమును అణువణువున చిత్రించెను. అది జంటగ నుండును. ఒక్కొక్కటి పొరను ఎనిమిదిసార్లు కాదు, పదిసార్లు దాటుచున్నది. ఒక్కొక్కదానిలో రెండు కాల్షియము అయానులు కూర్చుండుటకు పీటలున్నవి. ప్రక్కన ఒక గాడి కలదు. నీటిని కోరు ఆ గాడి పొర ఈవలినుండి ఆవలికి సాగి, ఒకవైపు నూనెలోనికి తెరచుకొనియున్నది.

ఆ గాడి పనిని ఇట్లు ఊహింపుడు. ఒకడు పిల్లకాలువలో దిగి నడచుచున్నాడు; అతని ఉత్తరీయపు చెంగులు గట్టుమీద ఈడ్చుకొని వచ్చుచున్నవి. క్రొవ్వు అణువుయొక్క తల గాడిలోని తడిలో జారును. తోకలు ప్రక్కనున్న నూనెలోనే ఈడ్వబడును. ఇట్లు సెకనుకు వేలకొలది అణువులు ఈవలినుండి ఆవలికిని, ఆవలినుండి ఈవలికిని పోవును. దీనికి శక్తి ఖర్చు లేదు; కాల్షియము గాడిని తెరచినంతనే కలగాపులగమగును. నోరూరించు ఏ వాకిలి నిర్మాణమును 2017లో చూడగా, దానిలో ఆ గాడి నూనెవైపున మూసికొనిపోయి సన్నని సొరంగమైనది. కావున అందు చిన్న క్లోరైడు దూరును, క్రొవ్వు దూరదు. తెరచిన కాలువ ఒకచోట, కప్పువేసిన తూము ఒకచోట. భేదమింతే! పూర్వకాలమున ఇవన్నియు క్రొవ్వును త్రిప్పునవేననియు, కొన్ని కాలక్రమమున కేవలము అయాను దారులైనవనియు పెక్కురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

కలగాపులగమైన ఇంటిని మరల సర్దువారెవరు? క్రొవ్వులను ఏరి మరల లోపలి వరుసకు చేర్చు మాంసకృత్తులు వేరుగా నున్నవి. పారిస్‌లో సెన్యురే, డెవో అను ఇరువురు 1984లో ఎఱ్ఱ రక్తకణములయందు ఈ పనిని చూపిరి. చిందరవందర చేయుట ఉచితము. సర్దుట ఖర్చుతో కూడినది. పిల్లలున్న ఇంటివారికి ఇది చెప్పనక్కరలేదు. ఆ ఖర్చునకు కణము చెల్లించు నాణెము ఏ.టి.పి. అను పదార్థము. కాల్షియమును బయటకు తోడు పంపును ఆ నాణెమునే తీసికొనును. ఆ ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమాన్ కనుగొనగా, అదే సంవత్సరము అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన తెలుగువాని పేరు ఈ కథలో సహజముగనే చోటుచేసికొన్నది.

ఇప్పుడు నా సొంత సంగతి. నా పండ్రెండవ యేట మా చిన్నాయన మినుము పీకుచుండగా రక్తపింజర కరచినది. ఇంటివారు కాలికి త్రాడు బిగించి, మంత్రగాని కడకు కొనిపోయిరి. మూడుగంటలు గడచెను. ఆసుపత్రికి చేరునప్పటికి చిగుళ్లనుండి రక్తము కారుచుండెను. ఆయన బ్రదుకలేదు. “ఒంటిలో ఉన్న రక్తము ఎందుకు నిలువలేదు?” అని నేను మా నాయనగారిని అడిగితిని. ఆయన జవాబు చెప్పలేకపోయెను. నేను సైన్సు చదువుటకు ఆ ప్రశ్నయే కారణము.

రక్తపింజరను పాశ్చాత్య శాస్త్రమునకు తెలిపిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 18వ శతాబ్దపు చివర విశాఖపట్టణమున నివసించెను. 1796లో అచ్చయిన తన పాముల గ్రంథములో దాని పేరును ‘కాటుకరేకులపొడ’ అని తెలుగుననే వ్రాసెను. నేటికిని ప్రపంచమంతట అది రస్సెల్ పేరిటనే వాడుకలో నున్నది. దాని విషము చేయు పని విచిత్రము. ఎఱ్ఱగుడ్డ కట్టినచోటనే పనిచేయవలసిన గడ్డకట్టించు పదార్థములను, గాయపు కబురు లేకయే, అది రక్తప్రవాహములోనే రెచ్చగొట్టును. అవి వృథాగా ఖర్చయిపోవును. పిమ్మట నిజముగ అవసరమైనచోట గడ్డకట్టుటకు ఏమియు మిగులదు. లండనులో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనువారు 1934లో ఈ విషమునే పలుచన చేసి, రక్తము ఆగని రోగుల గాయములపై పూసి ఆపజూచిరి. విషమును, ఔషధమును వేరుచేయునవి తావును, పాలును అని దీనివలన తెలియుచున్నది.

మా చిన్నాయన ప్లేట్లెట్లయందు లోపము లేదు; ఆయన వాకిళ్లన్నియు మంచివే. కోల్పోయినది ఆ మూడుగంటలు. కావున ఈ సభామూలమున నేను ప్రార్థించునదేమనగా: పాము కరచినచో కోయవలదు, నోట పీల్చవలదు, త్రాడు బిగింపవలదు. కరచిన అవయవమును కదలకుండ నుంచి, వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. అచ్చట శుభ్రమైన పొడిగాజు గొట్టములో కొంచెము రక్తము పోసి ఇరువది నిమిషములు కదలింపక చూతురు. గడ్డకట్టనిచో విషమెక్కినదని గ్రహింతురు. విషమునకు విరుగుడు మందు కలదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాల్గింటికిని మన దేశమున ఒకే మందు తయారగుచున్నది.

మరియొక హెచ్చరిక. కాల్షియము రక్తమును ఆపునని విని, ఎవరును సున్నముగాని మాత్రలుగాని అధికముగ మ్రింగరాదు. గడ్డకట్టుటకు వలసిన కాల్షియమును శరీరము రక్తములో తానే సమపాళ్లలో నుంచుకొనును. రక్తదానమునకు తీయు సంచిలో సిట్రేటు అను లవణము కలుపుదురు. అది కాల్షియమును పట్టి బంధించుటచేతనే ఆ రక్తము సంచిలో గడ్డకట్టదు.

సోదరులారా! నా చిన్ననాటి ప్రశ్నకు నాకు ఒక్కనాటితో జవాబు దొరకలేదు. విశాఖపట్టణమున ఒక వైద్యుడు తెలుగు పేరు వ్రాసికొనెను. లండనులో ఒకడు కొళాయినీటి పొరపాటును దాచక ప్రకటించెను. భీమవరపు బిడ్డ ఒకడు హార్వర్డులో శక్తి నాణెమును కనుగొనెను. క్యోటోలో కణములను జల్లెడ పట్టిరి. జ్యూరిక్‌లో బూజును చిత్రించిరి. వీరిలో పెక్కురు ఒకరినొకరు చూచినవారు కారు. ఒకరి వ్రాతను ఒకరు చదివిరి, అంతే. ఆ వ్రాతలను భద్రపరచి, అడిగినవారికి అందిచ్చిన చోటు గ్రంథాలయము.

మా నాయనగారి కాలమున మా ఊరిలో అట్టి చోటు లేదు. నేడు ఈ ఊరిలో ఉన్నది. ఏ పండ్రెండేండ్ల బిడ్డయైనను ప్రశ్నతో ఈ మెట్లెక్కినచో, జవాబు చెప్పు పుస్తకము అలమారులో ఉండునట్లు చూచుట రాబోవు ఇరువదియైదేండ్లకు మనము పెట్టుకొనవలసిన పని. అందులకు నా వంతుగా నా యొద్దనున్న విజ్ఞానశాస్త్ర గ్రంథములన్నిటిని నేడు ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. అంచులలో నా పెన్సిలు గీతలున్నవి. పిల్లలు మన్నింతురు గాక.